ధనము ఒకరిది, ప్రశ్న ఎవరిది?

రాయలసీమలో భూమిని పరుల సేద్యమునకు ఇచ్చునప్పుడు గుత్తకో, కోరుకో ఇత్తురు. గుత్తయైనచో చెల్లింపు ముందే నిర్ణయమగును. కోరైనచో పంటలో పాలు పంచుకొందురు. ఏ పద్ధతియైనను విత్తనము ఎవరిది, ఎరువు ఎవరిది, వాన రాకున్నచో నష్టము ఎవరిది అను మాటలు గొర్రు కట్టకముందే తేలవలెను. విశ్వవిద్యాలయములు బయటివారి ధనముతో చేయు పరిశోధనలకును ఇట్టి ఒప్పందమే అవసరము. దాని చరిత్రను తెలుసుకొనుటకు నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానము మంచి ఉదాహరణము.

నాటి కర్నూలు జిల్లాలోని నంద్యాలలో ఈ స్థానము 1906లో ఏర్పడెను. చుట్టును నల్లరేగడి భూములు. ప్రధానమైన పంటలు ప్రత్తి, జొన్న. అప్పటికి విశ్వవిద్యాలయముతో దీనికి సంబంధము లేదు. ఇది మద్రాసు ప్రభుత్వపు వ్యవసాయ శాఖకు చెందినది. ఖర్చు పెట్టువారును, పని చెప్పువారును ఒక్కరే గనుక ఒప్పందమను మాటయే పుట్టలేదు.

ప్రత్తి పరిశోధనకు బయటి ధనము వచ్చు మార్గము తరువాత ఏర్పడెను. 1921లో ఇండియన్ సెంట్రల్ కాటన్ కమిటీ వెలసెను. దాని ఖర్చుల నిమిత్తము 1923లో ఒక శాసనము చేసిరి. దేశములోని మిల్లులు వాడు ప్రత్తిపైనను, విదేశములకు పోవు ప్రత్తిపైనను సుంకము విధించిరి. 400 పౌన్ల బేలుకు మొదటి మూడేండ్లు 4 అణాలు, ఆపైన 2 అణాలు. ఇట్లు చేరిన సొమ్మునుండి కమిటీ రాష్ట్రముల పరిశోధనా పథకములకు సహాయము చేసెను.

ఇక్కడ ఒక సంగతి గమనింపదగినది. కమిటీలో వ్యవసాయాధికారులు, రైతు ప్రతినిధులు ఉండినను, మిల్లు యజమానులకును వ్యాపారులకును గట్టి పలుకుబడి ఉండెను. వారికి కావలసినది పొడుగైన పింజ, కల్తీలేని దూది. కనుక ఆ ధనముతో జరిగిన పరిశోధనలో ఈ రెండును ముఖ్యమైన ప్రశ్నలయ్యెను. అవి తప్పుడు ప్రశ్నలు కావు. మంచి పింజకు రైతుకును మంచి ధర వచ్చును. కాని వానలు తప్పిన ఏట ఇంటిల్లిపాది దేనిని తిని బ్రతుకవలెనన్నది కర్నూలు, కడప రైతులకు అంతకంటె పెద్ద ప్రశ్న. జొన్నకు, కొర్రకు అట్టి సుంకము గాని, వాటి వెనుక నిలిచిన సంపన్నమైన వ్యాపారము గాని లేదు.

ఈ లోటును కొంతవరకు తీర్చినది ప్రజాధనము. 1926లో నియమితమైన రాయల్ కమిషన్ 1928లో తన నివేదికను సమర్పించగా, 1929లో వ్యవసాయ పరిశోధనా మండలి ఏర్పడెను. నేటి భారత వ్యవసాయ పరిశోధనా మండలి అదియే. 1930 తరువాత ఈ మండలి మెట్ట సేద్యముపై పరిశోధనకు ధనమిచ్చిన కేంద్రములలో హగరి ఒకటి. అది దత్తమండలములలో ఒకటియైన బళ్లారి జిల్లాలోనిది. పడిన వాననీటిని చేనులోనే నిలుపుట ఎట్లు అను ప్రశ్న అక్కడ పరిశోధనాంశమయ్యెను. ధనమిచ్చు చేయి మారినప్పుడు ప్రశ్నయు మారినది.

1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయము స్థాపితమైనది. తరువాత నంద్యాల స్థానము దాని క్రిందికి వచ్చెను. విశ్వవిద్యాలయము ప్రభుత్వ శాఖవంటిది కాదు. శాసనముచే ఏర్పడిన ప్రత్యేక సంస్థ. కావున ఇతరుల ధనమును స్వీకరింపవలెనన్నచో తానే ఒప్పుకొని సంతకము చేయవలెను.

ఆ కాలముననే అఖిల భారత సమన్వయ పథకములు విస్తరించెను. మొదటిది 1957లో మొక్కజొన్నకు వచ్చెను. ప్రత్తికి 1967లో వచ్చెను. రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయములలోని కేంద్రములకు వీటి ఖర్చులో నూటికి 75 వంతులు మండలి భరించును. తక్కిన 25 వంతులు రాష్ట్రము సమకూర్చవలెను. బదులుగా ప్రతి కేంద్రమును ఉమ్మడి ప్రయోగములు నిర్వహించి ఫలితములను అందరితో పంచుకొనవలెను.

దీని లాభము శనగపంటలో కనబడును. ఇక్రిశాట్ సహకారముతో జబల్‌పూరు వ్యవసాయ విశ్వవిద్యాలయము రూపొందించిన జె.జి. 11 రకము 1999లో విడుదలై, ఎండు తెగులును తట్టుకొనుటచే కర్నూలు, కడప జిల్లాల నల్లరేగళ్లలో విస్తారముగా వ్యాపించెను. ఒకచోటి విత్తనము మరియొకచోటి రైతును చేరుటకు ఉమ్మడి పరీక్షలే త్రోవ. ఇందలి బరువు కూడ తెలియవలెను. ఆ 25 వంతులు సకాలమున రాకున్నచో పని కుంటువడును. పథకము ముగిసిన తరువాత ఉద్యోగులను, పరికరములను పోషించు భారము ఎవరిదన్నది ముందే తేలకున్నచో అది విశ్వవిద్యాలయము మీదనే పడును.

2006లో కడపలో ఏర్పడిన యోగి వేమన విశ్వవిద్యాలయమునకును, 2008లో కర్నూలులో ఏర్పడిన రాయలసీమ విశ్వవిద్యాలయమునకును ఈ విషయములు వర్తించును. సాధారణముగా ప్రభుత్వ పథకములో ఆచార్యుడు ప్రతిపాదనను వ్రాయును. నిపుణులు దానిని పరిశీలింతురు. మంజూరైన ధనము మాత్రము ఆచార్యుని చేతికి కాక సంస్థకు చేరును. ఖర్చైన ధనమునకు సంస్థ వినియోగ పత్రమును సమర్పింపవలెను. ప్రైవేటు కంపెనీ ధనమిచ్చునప్పుడు మరి రెండు సంగతులు చూడవలెను. ఫలితమును ప్రకటించు స్వేచ్ఛ ఉన్నదా? కనుగొన్న దానిపై హక్కు ఎవరిది? విత్తనముల విషయమున 2001 నాటి శాసనము, వ్యాపార ముద్ర లేని విత్తనమును దాచుకొనుటకు, విత్తుకొనుటకు, మార్చుకొనుటకు, అమ్ముకొనుటకు రైతునకు హక్కునిచ్చినది.

నంద్యాలలోనే రూపొందిన శనగ రకము ఎన్.బి.ఇ.జి. 47 కథ ఇక్కడ చెప్పదగినది. సాధారణమైన శనగ మొక్క పొట్టిగా గుబురుగా పెరుగును. కాయలు నేలకు దగ్గరగా ఉండును. అందుచే యంత్రముతో కోయుట కష్టము. కోతకు కూలీలు దొరకని రైతు అడిగినది యంత్రమునకు అందు మొక్కను. ఈ రకము నిటారుగా పెరిగి కాయలను ఎత్తున కాయును. ఇక్కడి ప్రశ్న మిల్లునుండి వచ్చినది కాదు, చేనునుండి వచ్చినది.

ఎంత ధనము వచ్చుచున్నదని అడుగుట తేలిక. ఆ ధనముతో ఎవరి ప్రశ్నకు జవాబు వెదకబోవుచున్నారని సంతకమునకు ముందే అడుగుట విశ్వవిద్యాలయపు ధర్మము. కొర్రకు సుంకము లేని కాలమున ఆ ప్రశ్నను అడుగువారు తక్కువ. నేడు నంద్యాలలోనే సూర్యనంది వంటి కొర్ర రకములు పుట్టినవి.