పాత డెస్క్‌టాప్‌లో రెండో ఆపరేటింగ్ సిస్టమ్: విండోస్‌ను ముట్టుకోకుండా లినక్స్ పెట్టుకోవడం ఎలా?

సూరత్‌కు దక్షిణాన, నవసారి వెళ్లే దారిలో సచిన్ పారిశ్రామికవాడ ఉంది. తెలంగాణ నుంచి సూరత్‌కు వలస వెళ్లిన నేత కుటుంబాలకు ఇది తెలిసిన పేరే. ఇలాంటి చోట చిన్న యూనిట్ల ఆఫీసు గదుల్లో పాత డెస్క్‌టాప్ ఒకటి కనిపించడం మామూలే. జీఎస్టీ బిల్లులు, కూలీల లెక్కలు, జకార్డ్ డిజైన్లు అన్నీ దాని మీదే నడుస్తుంటాయి.

చిక్కు ఎక్కడ వచ్చింది?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు వెళ్దామంటే టీపీఎం 2.0 భద్రతా చిప్, 4 జీబీ ర్యామ్, ఇంటెల్‌లో సుమారుగా 8వ తరం ప్రాసెసర్ ఉండాలి. ఈ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు 2017 అక్టోబర్‌లో వచ్చాయి. అంతకుముందు కొన్న యంత్రాల్లో చాలావరకు ఈ అర్హత లేనివే. అలాగని విండోస్‌ను తీసేయలేం. డిజైన్, అకౌంటింగ్ ప్రోగ్రాములు దాని మీదే పనిచేస్తాయి. అందుకే పాతదాన్ని ఉంచి, ఇంటర్నెట్ పనుల కోసం లినక్స్‌ను పక్కన చేర్చుకోవడం మేలు.

ఏ లినక్స్?

కొత్తవారికి లినక్స్ మింట్ అనుకూలం. దీనికి కనీసం 2 జీబీ ర్యామ్, 20 జీబీ స్థలం కావాలి. 4 జీబీ ర్యామ్ ఉంటే సాఫీగా నడుస్తుంది. మింట్ 22కు 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి. 32 బిట్ ప్రాసెసర్ ఉంటే ఇది కుదరదు. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 కూడా 32 బిట్ ఇన్‌స్టాలర్‌ను ఆపేసింది. అంత పాత యంత్రం మీద శ్రమ పెట్టకపోవడమే మంచిది.

ఒకే డిస్కా, వేరే డిస్కా?

ఉన్న డిస్కునే రెండుగా విడగొట్టడం ఒక పద్ధతి. ఖర్చు లేదు కానీ, ఒక్క తప్పు క్లిక్‌తో డిస్కంతా చెరిగిపోవచ్చు. పైగా పాత ఎంబీఆర్ పద్ధతిలోని డిస్కులో నాలుగు ప్రైమరీ పార్టిషన్లకు మించి కుదరవు.

డెస్క్‌టాప్‌లో ఇంకో దారి ఉంది. మదర్‌బోర్డు మీద ఖాళీ సాటా పోర్టు ఉంటే, దానికి చిన్న ఎస్‌ఎస్‌డీ తగిలించి లినక్స్‌ను అందులో వేసుకోవచ్చు. లెక్కల పుస్తకం లాంటి కంప్యూటర్‌కు ఇదే సురక్షితం. లినక్స్ వద్దనుకుంటే ఆ ఎస్‌ఎస్‌డీని విప్పేస్తే చాలు.

వరుసగా చేయాల్సినవి

1. బిల్లులు, డిజైన్లు బయటి డిస్కులోకి కాపీ చేసి, ఆ డిస్కును విప్పి పక్కన పెట్టండి. కాపీ అయిన ఫైళ్లు తెరుచుకుంటున్నాయో లేదో మరో కంప్యూటర్‌లో చూసుకోండి.
2. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపేయండి. లేకపోతే విండోస్ డిస్కులో రాయడానికి లినక్స్‌కు వీలుండదు. బిట్‌లాకర్ ఉంటే రికవరీ కీని కాగితం మీద రాసి పెట్టుకోండి.
3. మింట్ ఫైలును డౌన్‌లోడ్ చేసి, రూఫస్ ప్రోగ్రాంతో 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. పెన్‌డ్రైవ్‌లో ముందున్నదంతా చెరిగిపోతుంది.
4. ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడండి. ప్రింటర్, నెట్, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ పనిచేస్తాయో లేదో ఇక్కడే తేల్చుకోండి.
5. కంప్యూటర్ ఆపి, ప్లగ్ తీసి, విండోస్ డిస్కు కేబుల్‌ను విప్పండి. ఇప్పుడు ఎస్‌ఎస్‌డీలో మింట్‌ను ఇన్‌స్టాల్ చేయండి. బూట్‌లోడర్ పొరపాటున విండోస్ డిస్కులోకి వెళ్లే అవకాశమే ఉండదు.
6. మళ్లీ కంప్యూటర్ ఆపి కేబుల్ తగిలించండి. ఆన్ చేయగానే బూట్ మెనూ మీట నొక్కి కావలసిన డిస్కును ఎంచుకోండి. కంపెనీని బట్టి అది ఎఫ్12, ఎఫ్11, ఎఫ్9 లేదా ఎఫ్8 అవుతుంది.

గడియారం దగ్గర జాగ్రత్త

మదర్‌బోర్డు గడియారాన్ని విండోస్ స్థానిక సమయంగా చదువుతుంది, లినక్స్ మాత్రం గ్రీనిచ్ సమయంగా ఉంచుతుంది. దాంతో విండోస్‌లోకి తిరిగి వెళ్లినప్పుడు గడియారం ఐదున్నర గంటలు వెనక్కి పోవచ్చు. రాత్రి షిఫ్టులో తెల్లవారుజామున 3 గంటలకు వేసిన బిల్లుకు ముందురోజు తేదీ పడుతుంది. లినక్స్‌ను కూడా స్థానిక సమయాన్నే వాడేలా ఒకసారి మార్చుకుంటే ఈ తలనొప్పి పోతుంది.

తెలుగు సంగతి

లినక్స్‌లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉంది, యూనికోడ్ ఫాంట్లు ఉచితం. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ డెబియన్ ఆధారంగా తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌నే తయారుచేసింది.

అసలు విషయం

లినక్స్ పక్కన చేరినంత మాత్రాన విండోస్ 10కు భద్రత రాదు. మెయిల్, బ్యాంకు, జీఎస్టీ పోర్టల్ పనులను లినక్స్‌లోనే చేసుకోవాలి. విండోస్‌లో డిజైన్లు, లెక్కలు చూసుకునేటప్పుడు నెట్ కేబుల్‌ను తీసి ఉంచాలి. ఈ అలవాటు పాటించకపోతే రెండో ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్నా లేనట్టే.