బిలాస్‌పూర్ రైల్వే పట్నం: కోవిడ్ కాలంలో బజార్లు, వేదికలు

ఛత్తీస్‌గఢ్‌లో అర్పా నది ఒడ్డున ఉన్న బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రం. 2020 మార్చి తర్వాత ఇక్కడి వ్యాపారాలు, పండుగలు, వినోదశాలలు ఎలా నెట్టుకొచ్చాయో తెలియాలంటే ముందు ఇక్కడి రైళ్ళ సంగతి చూడాలి. ఊరిని మూసి తెరవడంలో ప్రభుత్వ ఉత్తర్వులకు ఎంత పాత్ర ఉందో, రైళ్ళ రాకపోకలకూ అంత పాత్ర ఉంది.

బెంగాల్ నాగపూర్ రైల్వే నాగపూర్–ఆసన్‌సోల్ మార్గం 1891లో పూర్తయ్యాక బిలాస్‌పూర్ పెద్ద కూడలిగా ఎదిగింది. 1902లో ఈస్ట్ కోస్ట్ రైల్వే ఉత్తర భాగం అదే కంపెనీ చేతికి వచ్చింది. అలా వాల్తేరు, విజయనగరం ప్రాంతాలకూ బిలాస్‌పూర్‌కూ ఒకే యాజమాన్యం ఏర్పడింది. కొలువుల కోసం వచ్చిన తెలుగు కుటుంబాలు రైల్వే కాలనీల్లో స్థిరపడ్డాయి. తిరుపతి ఎక్స్‌ప్రెస్, విశాఖ–కోర్బా ఎక్స్‌ప్రెస్ వాళ్ళకు సొంతూరి దారులు. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే అనే కొత్త జోన్ ఏర్పడటంతో పట్నం ప్రాధాన్యం ఇంకా పెరిగింది.

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ జరిగింది. ఆ రాత్రి నుంచే దేశమంతటా ప్రయాణికుల రైళ్ళు నిలిచిపోయాయి. మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. ఆ రోజే శార్వరి నామ సంవత్సర ఉగాది. గుడి, పంచాంగ శ్రవణం, బంధువుల రాకపోకలు ఏవీ లేకుండా ప్రవాస తెలుగువాళ్ళు ఇళ్ళలోనే పచ్చడి చేసుకున్న పండుగ అది. రైల్వే కాలనీల్లో వేసవిలో జరిగే సోలాపురి మాత పూజకూ ఆ ఏడు జనం గుమికూడే వీలు లేకపోయింది.

స్టేషన్‌ను నమ్ముకున్న టీ దుకాణాలు, కూలీలు, రిక్షా, ఆటోవాళ్ళు అందరికంటే ముందు, అందరికంటే ఎక్కువ నష్టపోయారు. మే 12న ఢిల్లీ నుంచి మొదలైన 15 జతల ప్రత్యేక రైళ్ళలో బిలాస్‌పూర్ రైలు కూడా ఉంది. అదే నెలలో వలస కూలీల శ్రామిక్ రైళ్ళూ వచ్చాయి. కానీ అవి దిగినవాళ్ళు బజారుకు వెళ్ళే రైళ్ళు కావు. పరీక్షలు, క్వారంటైన్ కోసం నేరుగా తరలించే రైళ్ళు. రైళ్ళలో వండిన భోజనం పూర్తిగా తిరిగి మొదలవడానికి 2022 ఫిబ్రవరి దాకా పట్టింది.

మరోవైపు బొగ్గు రవాణాకు మాత్రం పట్టాలు ఖాళీగా దొరికాయి. జోన్ అధికారులు గూడ్స్ రైళ్ళను ఒకదానికొకటి కలిపి నడిపారు: 2020 జూన్ చివర మూడింటిని కలిపిన సూపర్ అనకొండ, జూలైలో నాలుగు ఖాళీ గూడ్స్ రైళ్ళను కలిపిన శేషనాగ్, 2021 జనవరి 22న అయిదింటిని కలిపిన వాసుకి. వాసుకి పొడవు సుమారు 3.5 కిలోమీటర్లు. రైల్వే సాంకేతికంగా సాధించిన విజయం అది. ప్లాట్‌ఫారం మీద సమోసాలు అమ్మి బతికేవాళ్ళకు మాత్రం ఆ రైళ్ళతో ఏ ప్రయోజనమూ లేదు.

కూరగాయలు, పండ్లు ఇంటికే చేర్చడానికి రాష్ట్ర ప్రభుత్వం 2020 ఏప్రిల్‌లో సీజీ హాట్ అనే వెబ్‌సైట్ తెచ్చింది. 2020 జూన్‌లో మొదలైన పీఎం స్వనిధి పథకం వీధి వ్యాపారులకు రూ.10,000 పెట్టుబడి రుణం ఇచ్చింది. ఫోన్లో ఆర్డర్, క్యూఆర్ కోడ్‌తో చెల్లింపు కిరాణా కొట్లలోనూ మామూలయ్యాయి. 2020 సెప్టెంబరులో, 2021 ఏప్రిల్‌లో జిల్లా లాక్‌డౌన్‌లు మళ్ళీ వచ్చాయి. ఇందులో రెండోది 2021 ఏప్రిల్ 13 నాటి ప్లవ ఉగాది జరిగిన వారంలోనే మొదలైంది.

గుళ్ళు, హోటళ్ళు తెరవడానికి కేంద్రం 2020 జూన్ 8 నుంచి, సినిమా హాళ్ళకు సగం సీట్లతో అక్టోబరు 15 నుంచి అనుమతినిచ్చింది. రైల్వే కాలనీల దుర్గా పూజలు ఆ ఏడు విగ్రహం ఎత్తుకూ పందిరి కొలతకూ పెట్టిన పరిమితుల్లో జరిగాయి.

రైళ్ళు తిరిగి వచ్చినా పాత ధరతో రాలేదు. ప్యాసింజర్ బండ్లకు ఎక్స్‌ప్రెస్ ఛార్జీ పెట్టడంతో రూ.10 కనీస టికెట్ రూ.30 అయింది. పల్లెల నుంచి రోజూ వచ్చే చిన్న అమ్మకందారులకు ఇది లాభాన్ని మింగేసే ఖర్చు. 2022 ఏప్రిల్‌లో జోన్ ఇరవైకి పైగా రైళ్ళను రద్దు చేస్తే రాష్ట్ర ముఖ్యమంత్రి అభ్యంతరం చెప్పాల్సి వచ్చింది. ప్యాసింజర్ల కనీస ఛార్జీ మళ్ళీ రూ.10కి దిగింది 2024 ఫిబ్రవరిలో.