పాదాభ్యంజనం నుంచి తలంటు దాకా: భట్టిప్రోలు నేపథ్యంలో పొడిచర్మ చికిత్సా చరిత్ర

భట్టిప్రోలు స్తూపాన్ని 1892లో అలెగ్జాండర్ రే తవ్వించినప్పుడు లభించిన ధాతుకరండాలు లిపి చరిత్రకారులకు సుపరిచితాలు. వాటిపై ప్రాకృత శాసనాలను బ్యూలర్ పరిష్కరించాడు. కుబిరక రాజు పేరు, గోష్ఠి సభ్యుల పేర్లు, స్ఫటికపు భరిణె ప్రస్తావన వాటిలో ఉన్నాయి. లిపిని బట్టి వీటిని క్రీ.పూ. 3-2 శతాబ్దాలవిగా ఎంచుతారు. అయితే ఆ స్తూపం చుట్టూ తిరిగిన మనుషుల దేహాల గురించి, ముఖ్యంగా పగిలిన పాదాల గురించి, శాసనాలు మాట్లాడవు. అందుకు వినయ గ్రంథాలనే ఆశ్రయించాలి.

పాళీ వినయపిటకంలోని మహావగ్గంలో భైషజ్య ప్రకరణం ఉంది. పిలిందవచ్ఛుడనే భిక్షువు పాదాలు పగిలినప్పుడు బుద్ధుడు పాదాభ్యంజనాన్ని, అనగా పాదాలకు పూసుకొనే స్నిగ్ధ ద్రవ్యాన్ని, అనుమతించాడు. అది చాలలేదు. అప్పుడు ప్రత్యేకంగా పాదలేపనం తయారు చేసుకోవడానికి మరొక అనుమతి లభించింది. ఒక మందు పనిచేయలేదని ఒప్పుకొని, రెండవదానికి దారి ఇచ్చిన ఈ కథనం నాకు విలువైనదిగా తోస్తుంది. మహిమలు చెప్పే గ్రంథాలలో ఇటువంటి ఒప్పుకోలు అరుదు. నెయ్యి, వెన్న, నూనె, తేనె, బెల్లపు పాకం అనే అయిదింటినీ రోగి అయిన భిక్షువు ఏడు రోజులకు మించి నిలువ ఉంచరాదన్న నియమం కూడా అక్కడే ఉంది.

వైద్య గ్రంథాలు ఇదే విషయాన్ని మరొక తీరున చెప్పాయి. నూనె పట్టిన కుండ, తోలు, బండి ఇరుసు ఎలా గట్టిపడి మన్నుతాయో, అభ్యంగం వల్ల శరీరం అలాగే దృఢమై చర్మం నునుపెక్కుతుందని చరకుని ఉపమానం. వాగ్భటుడు తలకు, చెవులకు, పాదాలకు విశేషించి అభ్యంగం చేయమన్నాడు. తెలుగులో 'నూనె' అన్న మాటే నువ్వు, నెయ్యి కలిసి ఏర్పడినది. తమిళ 'ఎణ్ణెయ్' కూడా అంతే. కనుక 'నువ్వుల నూనె' అన్నప్పుడు నువ్వును రెండుసార్లు పలుకుతున్నామన్నమాట!

ఈ ఆధారాలను చూపి ప్రాచీనులకు సెరమైడ్లు తెలుసునని వాదించడం సరికాదు. వారికి తెలిసినది ఫలితం; కారణం చాలా ఆలస్యంగా తేలింది. 1952లో ఇర్విన్ బ్లాంక్ ఎండిన చర్మపు పైపొరను నూనెలో నానబెట్టి చూశాడు. అది మెత్తబడలేదు, నీరు చేరినప్పుడే మెత్తబడింది. అంటే చర్మానికి కావలసినది నీరు, నూనె చేసే పని ఆ నీటిని పోనీయకుండా ఆపడం. పైపొరలోని మృతకణాలు ఇటుకలైతే, సెరమైడ్లు, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు వాటి నడుమ అడుసు. అడుసు రాలితే నీరు ఆవిరైపోతుంది, చర్మం పగులుతుంది.

ఈ వెలుగులో మన తలంటును మళ్లీ చూడాలి. ముందు నూనె, తరువాత సున్నిపిండి, వేడినీళ్లు. పిండి నూనెతో పాటు మురికినీ లాగేస్తుంది. గట్టిగా రుద్దితే చర్మపు సొంత కొవ్వు కూడా పోతుంది. రుద్దగా మిగిలిన పల్చని నూనెపొరే నీటిని నిలుపుతుంది. పొడిచర్మానికి మాత్రం స్నానానంతరం, ఒళ్లు తడిగా ఉండగానే పూయడం మేలు. నూనెలన్నీ సమానమూ కావు. ఒలీవ నూనె పెద్దల చర్మపు అడ్డుగోడను బలహీనపరచిందనీ, పొద్దుతిరుగుడు నూనె అలా చేయలేదనీ 2013లో ఒక బ్రిటిష్ అధ్యయనం చూపింది. మొదటిదానిలో ఓలిక్ ఆమ్లం, రెండవదానిలో లినోలిక్ ఆమ్లం ఎక్కువ. నువ్వుల నూనెలో ఈ రెండూ ఇంచుమించు సమపాళ్లలో ఉంటాయి కాబట్టి దాన్ని ఏ పక్షాన చేర్చడానికీ తొందరపడరాదు.

వినయమూ వాగ్భటుడూ పాదాలనే ఎందుకు పట్టుకున్నారన్న ప్రశ్నకు శరీర నిర్మాణంలో జవాబుంది. అరికాలిలో తైలగ్రంథులు లేవు. అక్కడి చర్మం దళసరి, దేహభారమంతా దానిమీదే. కృష్ణా డెల్టాలో వరిమడి బురదలో నాని, గట్టెక్కి ఎండే కూలీల మడమలు, వట్టికాళ్లతో నడిచిన భిక్షువుల మడమలు ఒకే కారణంతో పగిలాయి.