ప్రపంచ బ్యాంకు రుణాలు: కోలారు జిల్లా

పేదరిక నిర్మూలన కోసం వర్ధమాన దేశాలకు అప్పులిచ్చే సంస్థలలో ప్రపంచ బ్యాంకు ప్రధానమైనది కాగా, అందులో భాగంగా 1960లో ఏర్పడిన అంతర్జాతీయ అభివృద్ధి సంఘం నామమాత్రపు రుసుముతో, దశాబ్దాల గడువుతో రుణాలిస్తుంది. భారతదేశంలో ఈ సొమ్ము గ్రామాలకు నేరుగా చేరేది కాదు. కేంద్ర ప్రభుత్వం రుణగ్రహీతగా ఒప్పందం చేసుకొని రాష్ట్రానికి అందజేసేది.

జీవనది లేక చెరువులపైన, గొట్టపు బావులపైన ఆధారపడిన, తెలుగు మాట్లాడేవారు అధికంగా ఉన్న కర్ణాటకలోని కోలారు జిల్లాలో ఈ విధానం రెండు పథకాలుగా అమలైంది. 2001లో మంజూరైన సుజల పథకం వాననీటిని నిలిపే పరీవాహక పనులతోపాటు భూమిలేనివారికి స్వయం సహాయక సంఘాల ద్వారా ఉపాధి కల్పించడానికి ఉద్దేశించినది. 2002లో మంజూరైన సాముదాయిక చెరువుల నిర్వహణ పథకం జలసంవర్ధన యోజన సంఘం అనే సంస్థ ఆధ్వర్యంలో పూడికతీత, కట్టలు, తూముల మరమ్మతులు చేపట్టి, నిర్వహణను చెరువు వినియోగదారుల సంఘాలకు అప్పగించింది.

అయితే పూడిక తీసినంత మాత్రాన చెరువు నిండదు కనుక, ఇటువంటి రుణాల ఫలితం వర్షపాతంపైన, భూగర్భజలాల వాడకంపైన, పథకం ముగిశాక సంఘాలు నిలదొక్కుకోవడంపైన ఆధారపడి ఉంటుంది.