నాలుగుకు తగ్గిన గుంట ఏది?

తెల్లవారుజాము నాలుగు గంటలు. మైపాడు దారిలో, రొయ్యల గుంట గట్టు మీది రేకుల షెడ్డులో నిలబడి ఉన్నారు మీరు. ఏరేటర్ల హోరులో పక్క మనిషి మాట వినాలంటే చెవి దగ్గర పెట్టాల్సిందే. రాత్రంతా రొయ్యలు, నీటిలోని నాచు, అడుగున కుళ్లే మేత కలిసి ఆక్సిజన్‌ను లాగేశాయి. పొద్దు పొడిస్తే గానీ నాచు మళ్లీ దాన్ని తయారు చెయ్యదు. గుంటకు గండం ఈ వేళే. లీటరు నీటిలో ఆక్సిజన్ 4 మిల్లీగ్రాములకు తగ్గితే వనామీ రొయ్యకు ఊపిరి కష్టం.

మీ ముందు ల్యాప్‌టాప్, దాని వెనక ఒకమ్మాయి. లుంగీ ఎగ్గట్టి, టార్చి పట్టుకుని పక్కనే ఆమె చిన్నాయన. తెర మీద ‘రైతులు’ అనే అర్రే ఉంది. ఒక్కో రైతు ఒక్కో ఆబ్జెక్టు. రైతు లోపల ‘గుంటలు’, అదీ అర్రేనే. గుంటలో ‘రీడింగులు’, రీడింగులో ‘నీరు’, నీరులో ఆక్సిజన్, ఉప్పదనం, పీహెచ్. పేర్లన్నీ తెలుగు లిపిలోనే పెట్టుకుంది. జావాస్క్రిప్ట్ వాటిని ఒప్పుకుంటుంది.

“ఏ గుంట తగ్గిందో చెప్పు పాపా, మనిషిని పంపిస్తా.”

ఆమె ‘ఫిల్టర్’ రాస్తుంది. మన దేశంలోకి వనామీని అనుమతించిన 2009లోనే ఈ ఫిల్టర్ కూడా జావాస్క్రిప్ట్ ప్రమాణంలో చేరింది. షరతు: రైతు.గుంటలు.ఆక్సిజన్ < 4. ఎంటర్ కొడుతుంది. ఖాళీ బ్రాకెట్లు.

“ఏం లేవా? అన్నీ బాగున్నట్టేనా?”

కాదు. ‘గుంటలు’ అర్రే కదా, దానికి ఆక్సిజన్ అనే లక్షణమే లేదు. లేనిదాన్ని అడిగితే ఇక్కడ ఎర్రర్ రాదు, ‘అన్‌డిఫైన్డ్’ వస్తుంది. దాన్ని 4తో పోలిస్తే జవాబు ఎప్పుడూ ఫాల్సే. ఈ వేళప్పుడు ఖాళీ తెరను నమ్మి పడుకుంటే పొద్దునకు రొయ్యలు నీటిపైకి తేలతాయి. ఎర్రర్ వచ్చి ఆగిపోయినా నయమే అంటాను నేను. కనీసం మనిషి లేచి చూస్తాడు.

షరతులో ‘సమ్’ పెడుతుంది. ఏ ఒక్క గుంట తగ్గినా ఆ రైతు జాబితాలోకి వస్తాడు. ఇద్దరు వచ్చారు. వాళ్లతోపాటు వాళ్ల బాగున్న గుంటలూ వచ్చాయి. బయట నిలబడి అడిగాం కాబట్టి ఫిల్టర్ రైతును రైతుగానే ఇచ్చింది, లోపల ఏరలేదు.

“నాకు రైతులెందుకమ్మా, ఏ గుంటో చెప్పు.”

ఆయన అన్నదాంట్లోనే దారి ఉంది. ప్రశ్న గుంట గురించి అయితే ఏరాల్సిందీ గుంటల్నే. రైతు.గుంటలును ఫిల్టర్ చేసి, వచ్చినదాన్ని మళ్లీ రైతు.గుంటలులోనే పెడితే ఒక్క వరుసలో అయిపోతుంది. కానీ అసలు డేటాలోంచి మంచి గుంటలు మాయమై, వచ్చే గంట లెక్క తప్పుతుంది. ఆమె ‘ఫ్లాట్‌మ్యాప్’ రాసి ప్రతి రైతు గుంటల్లోంచి చివరి రీడింగు తగ్గినవాటిని ఏరి, రైతు పేరు తగిలించి, ఒకే వరుస జాబితాగా దింపుతుంది. పాత అర్రే చెక్కుచెదరలేదు.

ఈసారి ఎర్రరే వచ్చింది. ఒక గుంటకు సెన్సర్ పనిచెయ్యక ‘నీరు’ నల్‌గా ఉంది. చాలామంది ఇక్కడ ప్రశ్నార్థకం, చుక్క పెట్టి ముందుకెళతారు. 2020లో వచ్చిన సౌకర్యం. ఎర్రర్ పోతుంది. గుంటా పోతుంది, అన్‌డిఫైన్డ్ 4 కంటే తక్కువ కాదు కాబట్టి. నాకు ఈ విషయంలో పట్టుదల ఉంది: కొలవని గుంటను మంచి గుంటగా లెక్కెయ్యకూడదు.

ఆమె ఆ గుర్తు ఉంచి, షరతును తిరగేస్తుంది: !(ఆక్సిజన్ >= 4). నాలుగూ ఆపైన ఉన్నట్టు రుజువైనవి తప్ప మిగతావన్నీ రావాలి. మూడు వచ్చాయి. రెండు తగ్గినవి, ఒకటి రీడింగు లేనిది.

చిన్నాయన ఇద్దరు మనుషుల్ని ఆ రెంటికీ పంపి, చేతి మీటరుతో మూడోదానికి తానే వెళ్లాడు. తిరిగొచ్చి, “3.2 ఉండాది, ఎక్కించుకో. కరెంటు బిల్లు కూడా చూసుకోవాల కదా, రాత్రంతా బాగున్న గుంటలేవి? ఒక్కో ఏరేటర్ ఆపుదాం” అన్నాడు.

ఆమె ‘ఎవ్రీ’ రాస్తుంది: ప్రతి రీడింగూ 4 గానీ ఆపైన గానీ ఉండాలి. జాబితాలో ఈలోపే కొత్తగా చేర్చిన గుంట కనబడింది.

“దానికింకా మీటరే పెట్టలా!”

నిజమే. ఖాళీ అర్రే మీద ‘ఎవ్రీ’ ట్రూ అంటుంది. తప్పు చూపించడానికి అందులో ఒక్క రీడింగైనా లేదు. ఆమె షరతుకు ముందు ఇంకోటి చేర్చింది: రీడింగుల సంఖ్య సున్నా కంటే ఎక్కువ ఉండాలి. కొత్త గుంట జాబితాలోంచి తప్పుకుంది. మిగతావాటి నంబర్లు చిన్నాయన అరచేతిలో పెన్నుతో రాసుకుంటున్నాడు.