జుఫైర్‌లో పట్టుబడ్డ ఘాట్ రోడ్డు జబ్బు

సౌదీలోని అబహా నుంచి జిజాన్ వైపు ఘాట్ దిగేటప్పుడు వ్యాన్‌కి ఏమీ కాలేదు. తిరిగి ఎక్కేటప్పుడే మొదలైంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా వేగం అరవై నుంచి నలభైకి, నలభై నుంచి పాతిక్కి పడిపోతోంది. వెనక లారీవాడు హారన్ ఆపడం లేదు. పిల్లలు మాటలు మానేశారు. సొరంగం ముందు కాస్త జాగా దొరికితే పక్కకు తీసి ఆపాడు బండి నడుపుతున్నాయన. పది నిమిషాలాగి స్టార్ట్ చేస్తే బండి ఏమీ ఎరగనట్టు లాగింది. ఇంకో రెండు మలుపుల దాకా!

ఆయనది కాకినాడ, కాపురం బహ్రెయిన్‌లోని జుఫైర్‌లో. కింగ్ ఫహద్ కాజ్‌వే మీదుగా ఇంటికి చేరాక అసలు చిక్కు వచ్చిపడింది. బహ్రెయిన్‌లో అన్నిటికన్నా ఎత్తైన జబల్ దుఖానే 134 మీటర్లు. ఎక్కడానికి కొండే లేని చోట కొండెక్కితే వచ్చే జబ్బును చూపించేదెలా? ఒక గ్యారేజీలో ప్లగ్గులు మార్చారు. ఇంకోచోట ఇంజన్ విప్పాలన్నారు. ఎత్తులో గాలి పలచన, అంతేనని మిత్రులన్నారు. నిజమే, అబహా ఉన్న 2,200 మీటర్ల ఎత్తులో టర్బో లేని ఇంజన్ ఇంచుమించు అయిదో వంతు బలం కోల్పోతుంది. కానీ ఈ బండి ఘాట్ మొదట్లోనే చతికిలబడింది. పైగా పది నిమిషాలాగితే గాలి చిక్కబడదు కదా.

చివరికి ఒక జగిత్యాల మెకానిక్ సాయంత్రం పూట జుఫైర్‌కే వచ్చాడు. బానెట్ ఎత్తకముందే అడిగాడు:

"ఆగినంక మళ్లా మంచిగ లాగిందా అన్నా?"

"లాగింది."

"సాపు రోడ్డు మీద?"

"నూటపదిలో పోయినా ఇబ్బంది లేదు."

"అయితే ఇంజన్ల తప్పు లేదు. దానికి తిండి అందుతలేదు."

ఆ రెండు ప్రశ్నలకే సగం పని అయిపోయిందంటాను. చదును మీద ఇంజన్‌కి కొద్ది పెట్రోలు చాలు. ఎక్కుడులో నిమిషాల తరబడి నిండుగా కావాలి.

మంటలార్పే సిలిండర్ పక్కన పెట్టుకుని, సిగరెట్టుతో వస్తున్న కుర్రాణ్ని దూరం పొమ్మని అరిచి, ఇంజన్‌కి వెళ్లే గొట్టం ఊడదీశాడు. పంపు ఆడిస్తూ క్యాన్‌లోకి వదిలాడు. మొదట లావుగా పడిన ధార కాసేపటికి సన్నబడి, తెగి తెగి కారింది. పంపు ఆపి కొంతసేపు ఆగి మళ్లీ వదిలితే, మళ్లీ లావుగా! ఘాట్‌లో జరిగిందే చదును నేల మీద కళ్లముందు జరిగింది.

ట్యాంకు దించితే అడుగున తుప్పు. పంపు లాగినకొద్దీ ఆ పొడి వెళ్లి జల్లెడకు అతుక్కుంటుంది, ఆపితే రాలిపోతుంది. 1888లో జర్మనీలోని మన్‌హైమ్ నుంచి పుట్టింటికి, భర్త తయారుచేసిన కారులో బయల్దేరిన బెర్తా బెంజ్ కూడా పూడుకున్న ఇంధన గొట్టాన్ని టోపీ పిన్నుతో పొడిచి శుభ్రం చేసుకుంది. ఎత్తుల మీద ఆ కారును తోయాల్సి కూడా వచ్చింది.

ట్యాంకు కడిగారు, జల్లెడ మార్చారు. పంపు కూడా మార్చేద్దామంటే మెకానిక్ ఒప్పుకోలేదు. క్యాన్ నిండేదాకా ధార సన్నబడకపోవడం చూపించి, "దానికేం కాలే" అన్నాడు.

ఆ చలికాలం అదే ఘాట్ ఎక్కి, పైనుంచే ఫోన్ చేశాడాయన.

"సంతోషం అన్నా. కొంచెం తుప్పు ఇంకా ఉంటది. ఇంటికి రాంగనే జల్లెడ మళ్లా మార్చాలె."