మూడు గంటల్లో గీసిన జెండా

ఆగస్టు వస్తోందంటే చాలు, "జాతీయ జెండా రూపకర్త మన తెలుగువాడే" అన్న ఫార్వర్డ్ మా టీమ్ గ్రూపులో వచ్చి పడుతుంది. వెంటనే ఎవరో "అశోక చక్రం పెట్టింది ఆయన కాదుగా" అని అడ్డు తగులుతారు. హైటెక్ సిటీ క్యాంటీన్లో టీ చల్లారిపోయేదాకా ఇదే రగడ. తీరిక దొరికితే ఇంక్‌స్కేప్‌లో జెండాలు గీసుకోవడం నా పిచ్చి కాబట్టి, చివరికి అందరూ నా వైపు చూస్తారు.

నిజానికి పింగళి వెంకయ్య గారిది కూడా ఇదే పిచ్చి. కాకపోతే నాకు వికీపీడియా ఉంది, ఆయనకు లేదు. మచిలీపట్నం దగ్గర భట్లపెనుమర్రులో పుట్టిన ఆ మనిషి, ఇతర దేశాల జెండాలన్నీ పరిశీలించి, మన దేశానికి ఎలాంటివి బావుంటాయో నమూనాలతో సహా 1916లో ఓ ఇంగ్లీషు పుస్తకం వేశారు. కాంగ్రెసు సభలకు వెళ్ళి జెండా సంగతి ఎత్తుతూనే ఉన్నారు.

1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశాల్లో అవకాశం వచ్చింది. రాట్నం ఉండాలన్నది జలంధర్ లాలా హంసరాజ్ ఆలోచన. ఎరుపు, ఆకుపచ్చల మీద రాట్నం గీసిమ్మని గాంధీగారు అడిగితే వెంకయ్య గారు సుమారు మూడు గంటల్లో ఇచ్చేశారట. ఈ మాట గాంధీగారే 'యంగ్ ఇండియా'లో రాశారు. అయినా సభ ముందు పెట్టే వేళ దాటిపోయింది. తర్వాత గాంధీగారికి మిగతా మతాలకు గుర్తుగా తెలుపు కూడా ఉండాలనిపించింది. డెలివరీ అయ్యాక రిక్వైర్‌మెంట్ మారడం మనం కనిపెట్టింది కాదన్నమాట!

1931లో కాంగ్రెసు కాషాయం, తెలుపు, ఆకుపచ్చ వరుసను ఖాయం చేసి, ఈ రంగులకు మతంతో సంబంధం లేదని చెప్పింది. 1947 జులై 22న రాజ్యాంగ సభ రాట్నం స్థానంలో అశోక చక్రాన్ని ఆమోదించింది. ఆ మార్పు వెనక బద్రుద్దీన్, సురయ్యా త్యాబ్జీ దంపతుల చెయ్యి ఉందని వాళ్ళ కుటుంబం చెబుతుంది. ఉండొచ్చు. దానివల్ల వెంకయ్య గారికి తగ్గేదేమీ లేదు. ఆయన పేరు నిలబెట్టాలంటే 1947 జెండా మొత్తం ఆయన ఖాతాలో వెయ్యక్కర్లేదు, 1921 నాటి మూడు గంటలు, అంతకు ముందు ఏళ్ళ తరబడి చేసిన చదువు చాలు. 1963లో పోయిన మనిషికి తపాలా బిళ్ళ వచ్చింది 2009లో.

అన్నట్టు, ఈ జెండాను గీసి చూడండి. మన దేశపు మొట్టమొదటి ప్రమాణం, ఐఎస్ 1, జెండా మీదే. 3:2 కొలత, 24 ఆకులు, అంటే ఆకుకీ ఆకుకీ 15 డిగ్రీలు. ఇక్కడిదాకా తేలిక. చక్రం దగ్గరే చిక్కు: 900×600 మిల్లీమీటర్ల జెండాకు 185, 450×300కి 90, బల్ల మీద పెట్టుకునే 150×100కి 25 మాత్రమే. పెద్దదానిలో చక్రం తెల్ల పట్టీని దాదాపు నింపేస్తుంది, చిన్నదానిలో ముప్పావు వంతే. అందుకే ఒకటి గీసి స్కేల్ చేసేస్తే కుదరదు, సైజు సైజుకీ పట్టిక చూసి మళ్ళీ గీయాల్సిందే. మా డెస్కుల మీద పెట్టే జెండాల్లో చక్రం సరిగ్గా 25 ఉన్నది నాకింతవరకు ఒక్కటీ దొరకలేదు.